నాయకునకు చెప్పని నియమము

పుదుచ్చేరిలోని గోరిమేడు వీధులలో పెండ్లి ఊరేగింపు సాగునప్పుడు నాదస్వరము వెంట డోలు నడచును. డోలు వాయించువాడు ఎంత చమత్కారము చూపినను తాళమున ఎత్తుగడకు తిరిగి వచ్చి చేరవలసినదే. కరవదిలో పుట్టి, తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగములో స్థిరపడిన షేక్ చిన్న మౌలానా (1924-1999) కచేరీలు వినినవారికి ఈ ఒడంబడిక క్రొత్త కాదు. అది వాయించువారందరికి తెలిసినది. ఒకరికి తెలియని ఒడంబడిక మాటయేమి?

1965 డిసెంబరు 22, 23 తేదీలలో చికాగో నగరమున ప్లగ్డ్ నికెల్ అను క్లబ్బులో ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ తన బృందముతో వాయించెను. ఆ ఏడు తుంటికి శస్త్రచికిత్స జరిగి ఆయన నెలల తరబడి వేదికకు దూరమై యుండెను. వెంట సాక్సఫోన్ వేన్ షార్టర్, పియానో హెర్బీ హాంకాక్, బేస్ రాన్ కార్టర్, డ్రమ్ములు టోనీ విలియమ్స్. విలియమ్స్‌కు అప్పటికి ఇరువది యేండ్లే. తమ వాద్యము మరీ సుఖముగా సాగిపోవుచున్నదని, ఎవరేమి చేయుదురో ముందే తెలిసిపోవుచున్నదని వీరికి తోచినది. ఆశించినదానికి విరుద్ధముగా వాయింతమని విలియమ్స్ అనగా తోడివారు ఒప్పుకొనిరి. డేవిస్‌కు మాత్రము చెప్పలేదు. క్లబ్బులో రికార్డింగు యంత్రములు అమర్చియుండుట చూచియు వెనుదీయలేదని హాంకాక్ తరువాతి కాలమున చెప్పెను. పాట పైకెగయునప్పుడు ఆసరా తీసివేయుట, అణగునప్పుడు చెలరేగుట: ఇదియే వారి నియమము.

ఇది వంచన కాదా? రూకలిచ్చి వచ్చిన శ్రోతల మాట అటుంచినను, అప్పుడే కోలుకొనిన మనిషి కాలిక్రింది పలకను చెప్పక లాగుట మర్యాదయా? ఆ రెండు రాత్రుల సంగీతము 1995లో ఎనిమిది సి.డి.లుగా వెలువడి కీర్తి పొందినది గనుక తప్పు తొలగినదనుట తేలిక సమాధానము. వాయించునాడు ఆ ఫలితము వారికిని తెలియదు. (చెడిపోయి యుండిన యెడల ఈ ప్రశ్న అడుగువారే యుండరు.)

వారి పక్షమున చెప్పదగినది వేరొకటి కలదు. ఇంట దిద్దుకొనినది ఒప్పజెప్పక వేదికపైననే వెదకుడని డేవిస్ తానే వారిని ప్రోత్సహించెడివాడు. ఆ మాటను వారు ఆయన మీదనే ప్రయోగించిరి. ముందుగా చెప్పియుండిన అది మరియొక అలవాటుగా మారెడిది. పైగా లాగినవారును ఆ పలకమీదనే నిలిచియుండిరి. జీతమిచ్చువాడు, ఆపుమనగలవాడు డేవిస్, వారు కారు. అదే నాయకుడు రహస్యముగా చిన్నవారిని పరీక్షించినచో తీర్పు మారును. వారి బ్రదుకుతెరువు అతని చేతిలోనున్నది.

రికార్డులో ట్రంపెట్ కొన్నిచోట్ల తడబడును, స్వరము పగులును. క్రింద ఆసరా లేదు. ఆయన కొంచెము నిలిచి, మిగిలిన ఖాళీలోనే మరల ఊదనారంభించును.