ముక్కుతాడు

మా గేరికి ఎలుగొడ్డు వచ్చిందంటే పిల్లోళ్లకు పండగ. ధర్మవరంలో మగ్గాలోళ్ల వీధులన్నీ ఆడిచ్చి, కడాకు మా తావుకొచ్చేవాడు ఆ సాయిబు. ఎలుగు ఈపుమీద కూర్చుంటే జడుపు పోతుందని నమ్మకం. దాని ఎంటికలు తాయెత్తులో పెట్టి కట్టేవాళ్లు. నన్నూ మాయమ్మ కూర్చోబెట్టింది. వంగి చూస్తే ముక్కుకు చిల్లి, చిల్లిలో తాడు, తాడు చుట్టూ చీము.

"నొప్పి కాదా మామా దానికి?"

"దానికి నొప్పయితేనే నాకు బువ్వరా అబ్బీ."

ఇంకో సంగతి దాచకుండా చెప్పాలి. దాని మూతికి కట్టిన తోలుపట్టీ మా నాయన కుట్టిచ్చిందే.

ఆ సాయిబు ఖలందరు. పెనుకొండ బాబయ్య ఉరుసుకు పోతా వస్తా మా గేరిలో దిగేవాడు. తల్లిని చంపి పిల్లను పట్టడం, కాల్చిన దబ్బనంతో ముక్కు పొడవడం, కోరలు పీకడం - ఎలుగును ఆటకు దించే పద్ధతి ఇది. ఇది క్రూరం కాదని నేను వాదించను. 1998లో ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహాలను ఆడించగూడదని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దేశంలో ఆఖరిదని చెప్పిన ఆట ఎలుగును 2009లో బెంగుళూరు పక్కన బన్నేరుఘట్టకు చేర్చినారు. కొందరు ఖలందర్లకు వేరే బతుకు చూసుకోమని పెట్టుబడి కూడా ఇచ్చినారు. మంచిదే.

2011లో ఎద్దును కూడా ఆ జాబితాలో చేర్చినారు. జల్లికట్టోళ్లు ఊరుకున్నారా? వీధులకెక్కి 2017లో తమిళనాడులో చట్టమే మార్పించుకున్నారు. 2023లో సుప్రీంకోర్టు సరేనన్నది. ఖలందరుకు భూమి లేదు, ఓట్ల బలం లేదు. తాడు ఎవరి చేతిలో ఉందో చూసే ఈ దేశంలో జాలి పుడుతుంది.

అయితే మా నాయన సంగతేమి? రెడ్డి దొడ్లో జీతమున్న మనిషి. మెడ వంచడమంటే ఏమో తెలిసినోడు. హిందూపురం హాస్టల్లో అంబేద్కర్‌ను చదివి, ప్రతి మెట్టు కిందా ఇంకో మెట్టు పెట్టిన సమాజమిదని తెలుసుకున్నాక, ఇంటికి పోయి అడిగినా.

"నేను కుట్టకుంటే ఇంకోడు కుడతాడు" అన్నాడు.

మమ్మల్ని జీతానికి పెట్టుకున్నోళ్లు చెప్పే మాటా ఇట్లాంటిదే గదా! కోపమొచ్చింది. ఆ పట్టీ దుడ్లతోనే నాకు పలక కొన్నాడని గుర్తొచ్చి నోరు మూసుకున్నా.

చానా ఏండ్లకు హిందూపురం బస్టాండు కాడ తాళాలు బాగుచేస్తా ఆ సాయిబు కనబడినాడు. నాయన పోయినాడంటే కొంచేపు మాట్లాడలేదు.

"ఎలుగును పట్టకపోయినారు. పట్టీ నాకాడే ఉంది" అన్నాడు. "మీ నాయన కుట్టు యాడా తెగలేదు."