త్యాగరాజ నామము

పేరు మనుష్యుని తీర్చునా, మనుష్యుడే పేరును సార్థక మొనర్చునా?

తిరువారూరు క్షేత్రమందలి పరమేశ్వరునకు త్యాగరాజస్వామి యని పేరు. 1767లో అచ్చట జన్మించిన తెలుగు శిశువునకు ఆ పేరే పెట్టిరి. వాగ్గేయకారుడైన ఆ త్యాగయ్య తంజావూరు రాజాస్థానపు పిలుపును కాదని, తిరువయ్యారున ఉంఛవృత్తితో జీవించెనని సంప్రదాయము చెప్పుచున్నది.

మదరాసున పిట్టి త్యాగరాయ శెట్టి (1852–1925) గారును తెలుగువారే. వీరు జస్టిస్ పార్టీ నాయకులు. 1920 ఎన్నికలలో పార్టీ గెలిచినపుడు మంత్రివర్గ నాయకత్వము చేతికందినను స్వీకరింపలేదు. త్యాగరాయనగరము వీరి పేరిటిదే. అచ్చటి పట్టుచీరల, బంగారపు అంగళ్ల సందడిలో ఆ పేరున కర్థము తలచువారు అరుదు!

ఇక నటగాయకుడు ఎం. కె. త్యాగరాజ భాగవతార్ (1910–1959). 1944లో విడుదలయిన 'హరిదాస్' చిత్రము మదరాసున ఒకే సినిమాశాలలో రెండేండ్లకు పైగా ఆడెను. ఆ యేడే ఆయన హత్యాభియోగమున చెరసాల పాలయ్యెను. 1947లో నిర్దోషియని విడిచిపెట్టిరి. పూర్వవైభవము మాత్రము మరల రాలేదు.

తొలి యిరువురు తామై విడిచిరి. మూడవవానినుండి విధి లాగికొనెను. దీనిని త్యాగమందుమా? గీతయందలి 18వ అధ్యాయము కాయక్లేశ భయముచే కర్మను విడుచుటను రాజసమని తక్కువ చేసినది. లాగికొనబడిన దాని ప్రసక్తి అందు లేదు. అయినను, పోయిన దానికై వగవక మనుజుడు గడపిన దినము లున్నచో, వానికి ఏ పేరు పెట్టవలెను?