అడగకముందే వదిలిన పరిగె

ధ్యాన భాగం: రూతు 2:1–16, లేవీయకాండము 19:9–10

"నెట్ అయిపోయింది మేడం. జెర మీ వైఫై కలిపిస్తరా?"

మారేడుపల్లిలోనో, సైనిక్‌పురిలోనో, కార్ఖానాలోనో, బిడ్డను చూసుకోవడానికి ఆయమ్మను పెట్టుకున్న ఇళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు వినబడే మాట ఇది. చిన్న మాటే. కానీ నోటి దాకా రావడానికి ముందు దాని చుట్టూ ఎన్ని లెక్కలు! మేడం మూడ్ బాగుందా, సార్ ఇంట్లో ఉన్నాడా, పొద్దున పాప పాలు ఒలకబోసిన కోపం ఇంకా ఉందా, మొన్ననే కదా అడ్వాన్సు అడిగాను. చివరికి బిడ్డ నిద్రపోయాక, సర్దిన గిన్నెలనే మళ్ళీ సర్దుతూ, ఎదుటి మనిషి మొహం చూడకుండా అడుగుతుంది.

పాస్‌వర్డ్ ఇవ్వాలా వద్దా అనే ప్రశ్న మీద ఈ ఉదయం మనం సమయం గడపం. ఇవ్వాలి. దానికి ఉపవాస ప్రార్థన అక్కరలేదు. మనం ఆలోచించవలసింది, ఆమె దాన్ని అడగవలసి వచ్చింది కదా, దాని గురించి.

బేత్లెహేములో యవల కోత మొదలైన రోజులవి. రూతు మోయాబు నుంచి వచ్చిన విధవరాలు. అత్త నయోమి తప్ప ఆ ఊళ్ళో తనవాళ్ళంటూ లేరు. కోతవాళ్ళ మీద ఉన్న మేస్త్రీ దగ్గరికి పోయి, పనల మధ్య పరిగె ఏరుకోనివ్వమని బతిమాలుకుంది. పరాయి పొలం గట్టు మీద నిలబడి అలా అడగడం ఎలా ఉంటుందో కూలికి పోయిన కుటుంబాల వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. అంతలో బోయజు వచ్చాడు. ఈ అమ్మాయి ఎవరని ఆరా తీశాడు. ఇక అక్కడి నుంచి ఆమె అడగనివే ఒక్కొక్కటీ దొరకడం మొదలైంది. వేరే పొలానికి పోవద్దన్నాడు. మగవాళ్ళెవరూ ఆమె జోలికి పోకుండా ముందే కట్టడి చేశాడు. దాహమేస్తే మావాళ్ళు తోడిపెట్టిన కుండల్లో తాగమన్నాడు. భోజనం వేళకు దగ్గరికి పిలిచి, కడుపునిండా తిని ఇంకా మిగిలేంతగా వేయించిన గింజలు అందించాడు.

అసలు మాట ఆ తరువాత వస్తుంది. ఆమె ఏరుకోవడానికి లేచాక బోయజు తన పనివాళ్ళకు చెప్పాడు: ఆమెను పనల మధ్యనే ఏరుకోనివ్వండి, చిన్నబుచ్చకండి, కావాలనే కొన్ని పిడికెళ్ళు లాగి పడేయండి, గదమాయించకండి. ఆ పిడికెళ్ళు కావాలని వదిలినవని రూతుకు తెలిసినట్టు ఆ కథలో ఎక్కడా లేదు. బోయజు ధర్మబుద్ధి మీద ప్రసంగాలు చాలా విన్నాం. నాకు మాత్రం అతని ధర్మం కంటే అతని గుట్టు ఎక్కువ నచ్చుతుంది.

అది ఒక్క బోయజు మంచితనమే అనుకుంటే పొరపాటు. దాని కింద ఒక శాసనం ఉంది. లేవీయకాండంలో దేవుడు చెప్పినది ఇది: పంట కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయవద్దు, రాలిన పరిగె ఏరుకోవద్దు, అవి బీదలకు, పరదేశులకు. ద్వితీయోపదేశకాండం ఇంకా ముందుకు పోయి, పొలంలో పన మరచిపోయి వస్తే దాని కోసం వెనక్కి కూడా పోవద్దంటుంది. బీదవాడు వచ్చి అడిగితే చూద్దాం అన్న మాట ఇందులో లేదు. కొడవలి అక్కడే ఆగాలి, అంతే.

యూదు పెద్దలు దీన్ని ఎంత పట్టుగా తీసుకున్నారంటే, మిష్నా అనే వాళ్ళ ధర్మశాసనాల గ్రంథంలో 'పేయా' అనే ఒక భాగమంతా ఈ పొలం అంచు చుట్టూనే తిరుగుతుంది. అంచుగా వదిలేది పొలంలో అరవయ్యో వంతుకు తగ్గకూడదని అందులో లెక్క కట్టారు. తల్మూదు పెద్దలు ఇంకో సంగతి చెప్పారు. అంచును పొలం చివరనే వదలాలట. ఎక్కడ, ఎప్పుడు వదులుతాడో తెలియక బీదవాడు యజమాని కోసం కాచుకుని కూర్చోకూడదు, అతని పొద్దు వృథా కాకూడదు అన్నది వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి. ఫలానావాళ్ళే ఏరుకోవాలని ఎంచే పెత్తనం కూడా యజమానికి లేదు.

ఇప్పుడు మన ఇంటి పొలం కొలుద్దాం. ఇళ్ళలో పెట్టించుకునే ఫైబర్ కనెక్షన్‌ను అన్‌లిమిటెడ్ అంటారు గానీ, జియో, ఎయిర్‌టెల్ వంటి వాటికి నెలకు సుమారు 3,300 జీబీ దగ్గర ఒక గీత ఉంటుంది. సాధారణ వాడకంతో ఆ గీతను చేరడం కష్టం. అందులో అరవయ్యో వంతు 55 జీబీ. గంటసేపు వాట్సాప్ వీడియో కాల్ మాట్లాడితే మామూలుగా ఒక జీబీ కూడా కాదు. ఆయమ్మ రోజుకో గంట చొప్పున నెలంతా తన పిల్లలతో మాట్లాడినా అంచులో ఇంకా పరిగె మిగిలే ఉంటుంది. అటు ఆమె ఫోన్ సంగతి చూడండి. 2024 జులైలో ధరలు పెరిగినప్పుడు, రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే జియో ప్లాన్ 239 రూపాయల నుంచి 299కి పోయింది. అదీ 28 రోజులకే. నెల రీఛార్జి అని పేరే గానీ ఏడాదికి పదమూడు సార్లు కట్టాలి. సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగే ప్రయాణికుడెవరో మనకు తెలియదు, రైల్వేకూ తెలియదు. అతనికి రైల్‌టెల్ వైఫై రోజూ మొదటి అరగంట ఉచితం. ఫోన్‌కు వచ్చే ఓటీపీ కొడితే చాలు. మన బిడ్డకు గోరుముద్దలు తినిపించే మనిషి మాత్రం మన మూడ్ కనిపెట్టుకుని ఉండాలి.

నెట్ ఎందుకంటారా ఆమెకు? 2019లో కేరళ హైకోర్టు, హాస్టల్లో ఫోన్ వాడకం మీద ఆంక్షలను ఎదిరించిన ఒక విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆయమ్మకూ చదువుకునే పిల్లలుంటారు. గ్యాస్ బుకింగ్, బ్యాంకు మెసేజ్, స్కూలు వాట్సాప్ గ్రూపు ఆమెకూ ఉంటాయి. అవేవీ లేకపోయినా, పాటలు వినడానికే అడిగినా, నా మట్టుకు అభ్యంతరం లేదు. బోయజు వేయించిన గింజలు పెట్టేటప్పుడు వీటిని ఏం చేసుకుంటావని రూతును అడగలేదు.

ఇంకో మాట చెప్పక తప్పదు. కొందరికి చేదుగా ఉండవచ్చు. చాలా ఇళ్ళలో ఆయమ్మ మీద ఆ వైఫై ఇదివరకే పని చేస్తోంది. హాల్లో బల్బు పక్కన ఒక కెమెరా, ఉయ్యాల పైన ఒకటి. ఆఫీసులో కూర్చుని ఫోన్‌లో చూస్తాం: బిడ్డను ఎత్తుకుందా, సోఫాలో కూర్చుందా, ఫ్రిజ్ తీసిందా. బిడ్డ క్షేమం కోరి పెట్టుకున్నదే, తప్పనను, ఆమెకు చెప్పి పెట్టినంత వరకు. కానీ ఆమె పొద్దంతా మన నెట్ మీద మనకు కనబడుతూ, తన బిడ్డ మొహం చూడటానికి అదే నెట్‌ను అడుక్కోవాలంటే, దేవుని ఎదుట ఆ లెక్క ఎలా చెబుతాం?

హాగరు కూడా ఇంటి పనిమనిషే. పరదేశి, శారయి దాసి. అరణ్యంలో ఆమె దేవునికి ఒక పేరు పెట్టింది, తనను చూసే దేవుడని. కొన్నేళ్ళ తరువాత అదే ఇంటి నుంచి బిడ్డతో సహా బయటికి పోయి, తిత్తిలో నీళ్ళు అయిపోయి, బిడ్డ చావు చూడలేక దూరంగా కూర్చుని ఏడ్చింది. ఆమె నీళ్ళు అడిగినట్టు అక్కడ రాసిలేదు. దేవుడు పిల్లవాడి మొర విని ఆమె కళ్ళు తెరిచాడు. ఎదురుగా నీళ్ళ బావి. ఆయన చూపు అలాంటిది. కనిపెట్టి చూశాక ఏదో ఒకటి తెరుచుకుంటుంది.

ఈ అడగడం సికింద్రాబాద్‌తో ఆగదు. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు ఎందరో కువైట్ ఇళ్ళలో పిల్లల్ని సాకుతున్నారు. అక్కడ ఇంటావిడను 'మామా' అంటారు. రాత్రి పనంతా అయ్యాక 'మామా, వైఫై' అని వాళ్ళూ అడగాలి. కువైట్‌లో 2015లో వచ్చిన 68వ చట్టం ఇంటి పనివాళ్ళకు రోజుకు పన్నెండు గంటల పని హద్దు, వారానికో సెలవు ఇచ్చింది, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవద్దంది. చట్టాలు అంతవరకు పోగలవు. అక్క మారేడుపల్లిలో, చెల్లెలు కువైట్‌లో ఉన్నారనుకోండి. ఒక్క కాల్ కలవాలంటే రెండు దేశాల్లో రెండు ఇళ్ళవాళ్ళు దయ తలచాలి. ఆ రెండు ఇళ్ళలోనూ ఉయ్యాలలో నిద్రపోతున్నది పరాయి బిడ్డే.

బైబిల్లో దాది ఒకామె ఉంది. చాలామంది చదువుతూ దాటిపోతారు. పేరు దెబోరా, న్యాయాధిపతి దెబోరా కాదు, రిబ్కా దాది. రిబ్కా పెళ్ళికూతురై కనానుకు బయలుదేరినప్పుడు వెంట వచ్చింది. అక్కడ ఆమెకు పేరు కూడా లేదు, దాది అనే ఉంది. ఆదికాండం 35లో పేరుతో సహా మళ్ళీ కనబడుతుంది. బేతేలు దిగువన చనిపోతే ఒక చెట్టు కింద పాతిపెట్టారు. ఆ చెట్టుకు ఏడ్పు చెట్టని పేరు నిలిచిపోయింది. రిబ్కా ఎప్పుడు, ఎలా కన్నుమూసిందో ఆదికాండం వర్ణించలేదు, ఎక్కడ పాతిపెట్టారన్న ఒక్క మాట తప్ప. ఆమె దాదికి మాత్రం ఏడ్చిన గుర్తు ఒకటి మిగిలింది. అందరికీ ఆ భాగ్యం దక్కలేదు. మన సికింద్రాబాద్ కంటోన్మెంట్ లాంటి చోట్ల తెల్లదొరల పిల్లలను పెంచిన ఆయాలలో కొందరిని ఓడ మీద ఇంగ్లండ్ దాకా తీసుకుపోయి, అక్కడ దిగాక తిరుగు టికెట్ కూడా లేకుండా వదిలేశారు. అలాంటివాళ్ళ కోసం లండన్‌లోని హాక్నీలో ఆయాల వసతి గృహం నడిచింది. ఆ ఇంటి గోడ మీద 2022లో నీలి ఫలకం పెట్టారు.

ఆదివారం ఆరాధనలో ఈసారి గమనించండి. వాక్యం మొదలయ్యే సరికి ఏడ్చే బిడ్డను ఎత్తుకుని ఆవరణలోకి నడిచేది ఎవరో. ప్రసంగం మనకు, బిడ్డ ఆమెకు.

పని వేళలో ఫోన్ చూస్తూ కూర్చుంటే బిడ్డ పడిపోతే ఎలా అని అడిగే తల్లులు ఉన్నారు. న్యాయమైన భయమే. కూర్చుని మాట్లాడుకోండి: బిడ్డ మెలకువగా ఉన్నంతసేపు ఫోన్ పక్కన, నిద్రపోయాక నీ ఇష్టం అమ్మా అని. (ఆ నియమం మనమూ పాటిస్తే బిడ్డకు ఇంకా మంచిది.) మన కంప్యూటర్లు, కెమెరాలు ఉన్న నెట్‌లోకి ఇంకొకరిని రానివ్వాలా అనే జంకు ఉంటే, చాలా రౌటర్లలో గెస్ట్ నెట్‌వర్క్ అని విడిగా ఉంటుంది. ఐదు నిమిషాల పని. దాని పేరు, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. కొత్త ఆయమ్మ చేరిన మొదటి రోజే, బాత్రూమ్ ఎటు, తాగే నీళ్ళు ఎక్కడ అని చూపించేటప్పుడు ఇదీ చూపించండి. ఏళ్ళుగా పని చేస్తున్న ఆమె అయితే, ఇంతకాలం చెప్పలేదని పెద్ద ఉపోద్ఘాతం వద్దు. ఫోన్ ఇలా ఇవ్వమ్మా అని కలిపి చేతిలో పెట్టండి.

ప్రార్థన: తండ్రీ, ఈ ఇంట్లో అడగలేక ఆగిపోయిన మాటలు మాకు వినబడనియ్యి. మా బిడ్డను ఎత్తుకునే ఆ చేతులకు నీవు బలమియ్యి, ఆమె ఇంటి దగ్గరున్న బిడ్డలను కాపాడు. నెల జీతం రోజు తప్పకుండా ఇచ్చే మనసు, ఆదివారం ఆమెను చర్చికో, ఆమె కోరుకున్న చోటికో పోనిచ్చే మనసు మాకు దయచేయి. ఏసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.