తుంటి కీలులో సృష్టికర్త సాక్ష్యం ఉందా?

శరీర నిర్మాణాన్ని బట్టి దానికొక నిర్మాత ఉన్నాడని తేల్చవచ్చా అన్నది మత తత్త్వశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. ఈ చర్చలో తరచు వినిపించే అవయవం కన్ను. తుంటి, పిరుదు, తొడ కూడా అంత పాత సాక్షులే. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్, రోమన్ సామ్రాజ్య కాలపు వైద్యుడు గేలెన్, ఇంగ్లండుకు చెందిన మతాచార్యుడు విలియం పేలీ ముగ్గురూ ఈ భాగాన్ని తమ వాదానికి వాడుకున్నారు. నిటారుగా నిలబడటం, రెండు కాళ్ల మీద నడవడం, నడుము నిలిపి కూర్చోవడం మనిషి ప్రత్యేకతలుగా పేరుపడ్డాయి. వాటన్నిటి భారమూ పడేది ఇక్కడే.

కటి వలయానికి ఇరుపక్కలా ఉండే తుంటి ఎముక పుట్టినప్పుడు ఒకే ముక్కగా ఉండదు. ఇలియం, ఇస్కియం, ప్యూబిస్ అనే మూడు భాగాలు యుక్తవయసులో అతుక్కుని ఒకటవుతాయి. మూడూ కలిసేచోట లోతైన గిన్నె ఉంటుంది. తొడ ఎముక గుండ్రని తల అందులో ఇమిడి, అన్ని దిక్కులకూ తిరుగుతుంది. శరీరంలో అన్నిటికన్నా పొడవైన ఈ ఎముక మనిషి ఎత్తులో సుమారు నాలుగో వంతు ఉంటుంది. పెద్దవారిలో దాని మెడ, కాండం మధ్య కోణం దాదాపు 125 డిగ్రీలు. కీలు ముందు భాగాన్ని ఇలియోఫెమొరల్ బంధనం కాపాడుతుంది. మనిషి నిలబడగానే అది బిగిసి, మొండెం వెనక్కి వాలిపోకుండా ఆపుతుంది. అందుకే ఊరికే నిలబడి ఉన్నప్పుడు తుంటి దగ్గరి కండరాలకు పెద్దగా శ్రమ ఉండదు.

పిరుదులో ముఖ్యమైన కండరాలు మూడు. పైనున్న గ్లూటియస్ మాగ్జిమస్ శరీరంలోకెల్లా పెద్దది. చదును నేల మీద మామూలుగా నడిచేటప్పుడు దానికి పని తక్కువ. పరుగెత్తేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు అది గట్టిగా పనిచేస్తుంది. దాని అడుగున ఉన్న మీడియస్, మినిమస్ కండరాలు ఒంటికాలి మీద బరువు పడిన ప్రతిసారీ కటి రెండో పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచుతాయి. ఇవి బలహీనపడితే అడుగు వేసినప్పుడల్లా తుంటి కుంగుతుంది. ఈ లక్షణాన్ని జర్మన్ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ 1895లో వివరించాడు. కూర్చున్నప్పుడు బరువు మోసేవి ఇస్కియం అడుగున ఉన్న ఎముక గుబ్బలు. శరీరంలో అతి లావైన సయాటిక్ నరం వాటి పక్కగా తొడ వెనక భాగంలోకి దిగుతుంది.

జంతువుల శరీర భాగాల మీద రాసిన గ్రంథంలో అరిస్టాటిల్ పిరుదుల సంగతి సూటిగానే చర్చించాడు. మనిషి స్వభావంలో దైవాంశ ఉంది కాబట్టి జంతువులన్నిటిలో అతనొక్కడే నిటారుగా నిలుస్తాడని ఆయన అభిప్రాయం. పైభాగపు బరువును రెండు కాళ్లే మోయాలి గనుక ప్రకృతి కండను కిందికి చేర్చిందనీ, ఎక్కువసేపు నిలబడి అలసిన శరీరానికి కూర్చునే వీలుండాలి గనుక పిరుదులు కండపట్టి ఉన్నాయనీ వివరించాడు. ప్రకృతి ఏదీ వృథాగా చేయదన్నది ఆయన మూలసూత్రం. అయితే ఆయన దృష్టిలో ప్రయోజనం ప్రకృతిలోనే ఉంది. బయట నిలబడి పథకం వేసే శిల్పి ఆయనకు అవసరం కాలేదు.

క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన గేలెన్ ఆ శిల్పిని తీసుకొచ్చాడు. శరీర భాగాల ఉపయోగం గురించి ఆయన 17 భాగాల గ్రంథం రాశాడు. మూడో భాగంలో కాలు, తొడ, కూర్చునే తీరు వస్తాయి. తన రచన సృష్టికర్తకు నిజమైన స్తోత్రమని ఆయన ప్రకటించుకున్నది కూడా అక్కడే. దేవుడికి ఎడ్లను బలివ్వడం కన్నా ఆయన జ్ఞానాన్ని, శక్తిని, మంచితనాన్ని తెలుసుకుని నలుగురికీ చెప్పడమే అసలైన భక్తి అన్నాడు. మనిషి ఆకాశాన్ని చూడటానికే నిటారుగా నిలిచాడనే మాటను మాత్రం ఎగతాళి చేశాడు. కళ్లు ఎప్పుడూ పైకే ఉండే చేపను ఉదాహరణగా చూపి, అంతమాత్రాన దానికి గొప్పతనం వచ్చిందా అని అడిగాడు. భక్తుడైనా, ప్రయోజనం గురించి చెప్పే ప్రతి మాటా పరీక్షకు నిలవాలని గేలెన్ పట్టు.

1802లో వెలువడిన ‘నేచురల్ థియాలజీ’లో పేలీ ఈ వాదాన్ని మరింత ముందుకు తీసుకుపోయాడు. తొడ ఎముక తలను గిన్నె అడుగుకు కలిపే చిన్న గుండ్రని బంధనం ఒకటుంది. ఎముక జారిపోకుండా ఆపేందుకే అది ఉందనీ, బుద్ధిపూర్వకమైన ఏర్పాటుకు అంతకన్నా నిస్సందేహమైన ఉదాహరణ దొరకదనీ ఆయన భావించాడు. తర్వాతి పరిశీలనలు దీన్ని బలపరచలేదు. చెట్లపై బతికే ఒరాంగుటాన్‌లో ఆ బంధనం సాధారణంగా ఉండదు. పెద్దవారి కీలును ప్రధానంగా నిలిపేవి గిన్నె లోతు, చుట్టూ ఉన్న బలమైన బంధనాలు, కండరాలు. ఏ భాగం దేనికోసం ఉందో చూడగానే తెలిసిపోయినట్టు అనిపించడం సాక్ష్యం కాదని ఈ ఉదాహరణే చూపిస్తుంది.

పేలీని శ్రద్ధగా చదివిన చార్లెస్ డార్విన్ 1859లో ప్రకృతి వరణ సిద్ధాంతాన్ని ప్రచురించాడు. 1871 నాటి గ్రంథంలో, నిటారుగా నిలిచే క్రమంలో మనిషి కటి వెడల్పు కావలసి వచ్చిందని రాశాడు. 1974లో ఇథియోపియాలోని హడార్‌లో దొరికిన, మనిషికి దగ్గరి ప్రాచీన జీవి ‘లూసీ’ అస్థిపంజరం వయసు సుమారు 32 లక్షల సంవత్సరాలు. దాని కటి పొట్టిగా, వెడల్పుగా ఉంది. అంటే రెండు కాళ్ల నడకకు అనువైనది. మెదడు మాత్రం చింపాంజీ మెదడుకన్నా ఎంతో పెద్దది కాదు. బుద్ధి ఎదిగాక దానికి తగిన భంగిమ ఏర్పడిందనే ఊహ దీనితో తలకిందులైంది. ముందు తుంటి మారింది, తల పెరిగింది ఆ తర్వాత.

ఈ నిర్మాణంలో లోపాలూ ఉన్నాయి. తొడ ఎముక తలకు రక్తం చాలావరకు దాని మెడను అంటిపెట్టుకున్న సన్నని నాళాల ద్వారా అందుతుంది. ముసలితనంలో జారిపడి మెడ విరిగితే ఆ నాళాలు తెగి, తొడ ఎముక తల చచ్చుబడవచ్చు. స్త్రీల కటిలో ప్రసవ మార్గం బిడ్డ తలకు ఇరుకుగా ఉంటుంది. బిడ్డ మెలితిరుగుతూ బయటికి రావాలి. నడకకూ ప్రసవానికీ మధ్య రాజీ వల్లే ఈ ఇబ్బంది వచ్చిందని మానవశాస్త్రవేత్త షెర్‌వుడ్ వాష్‌బర్న్ 1960లో ప్రతిపాదించాడు. ఇప్పుడు ఆ వివరణ మీద కూడా వాదోపవాదాలున్నాయి. సర్వజ్ఞుడైన శిల్పి ఇలా ఎందుకు చేస్తాడన్న ప్రశ్న మాత్రం మిగులుతుంది. దానికి ఆస్తికుల నుంచి రెండు సమాధానాలు వస్తాయి: భౌతిక నియమాలకు లోబడే శరీరంలో రాజీలు తప్పవన్నది ఒకటి, సృష్టి ఉద్దేశం సుఖం ఒక్కటే కాదన్నది రెండోది. ఇవి తార్కికంగా సాధ్యమే. కానీ లోపం కనబడినా, నైపుణ్యం కనబడినా ఒకే నిర్ణయానికి వచ్చే వాదానికి ఎముక సాక్ష్యంతో పని ఉండదు.

భారతీయ దర్శనాలు ఇదే ప్రశ్నను మరో దారిలో విచారించాయి. అవయవాలున్న ప్రతిదీ కార్యమే (అంటే చేయబడినదే), కార్యానికి కర్త ఉండాలి అన్నది న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికుల తర్కం. ఉదయనుడి ‘న్యాయకుసుమాంజలి’ దీన్ని విస్తరించింది. శరీరాల మధ్య తేడాలకు జీవుల పూర్వకర్మ కారణమని న్యాయం చెబుతుంది కాబట్టి, లోపాల భారం ఈశ్వరుడి మీద పడదు. మీమాంసకుడైన కుమారిలుడు ఒప్పుకోలేదు. శరీరం లేనివాడికి సృష్టించాలనే కోరిక ఎలా పుడుతుంది? శరీరం ఉంటే దాన్నెవరు చేశారు? సాంఖ్యం ఈ వివాదాన్ని పక్కకు మళ్లించింది. అనేక భాగాల కూర్పు ఏదైనా తనకోసం ఉండదు, మరొకరి కోసం ఉంటుంది. మంచం పడుకునేవాడి కోసం ఉన్నట్టు. శరీరమూ అలాంటి కూర్పే కాబట్టి, దాన్ని అనుభవించే పురుషుడు (చైతన్యం) ఉండాలని సాంఖ్యాచార్యుడు ఈశ్వరకృష్ణుడి వాదం. ఇక్కడ ప్రయోజనం ఉంది, నిర్మాత లేడు. కూర్పు అంతటికీ ప్రయోజనం తప్పనిసరా అన్నదే ఈ వాదానికి ఎదురయ్యే చిక్కు.

కూర్చోవడం గురించి వేదాంతంలోనూ ఒక మాట ఉంది. వేదాంత గ్రంథమైన బ్రహ్మసూత్రాల నాలుగో అధ్యాయంలో ఉపాసన కూర్చునే చేయాలన్న నిర్ణయం ఉంది. నిలబడితే, నడిస్తే మనసు చెదురుతుంది. పడుకుంటే నిద్ర ముంచుకొస్తుంది అని శంకరుల వివరణ. కూర్చోగలగడం వల్ల ధ్యానానికి వీలు కలిగిందన్నంత వరకే ఆ మాట. ధ్యానం కోసమే పిరుదులు ఏర్పడ్డాయనలేదు.

ఈ చర్చ అంతటా ‘కోసం’ అనే మాట మూడు వేర్వేరు విషయాలను సూచిస్తుంది. నిర్మాత ఉద్దేశం ఒకటి. తరతరాల వరణంలో ఒక భాగం నిలిచిపోవడానికి కారణమైన పని రెండోది. ఆ భాగాన్ని మనిషి తన లక్ష్యానికి వాడుకోవడం మూడోది. రెండోదాన్ని శిలాజాలు, కండరాల కొలతలు నిర్ధారించగలవు. మూడోదాన్ని ఆచారం, సాధన నిర్ణయిస్తాయి. మొదటిదాన్ని నమ్మడానికి, నమ్మకపోవడానికి మనుషులకు వేరే కారణాలు ఉండవచ్చు. తుంటి కీలు మాత్రం ఏ పక్షాన్నీ గెలిపించదు. రెండో అర్థంలో దొరికిన సాక్ష్యాన్ని మొదటిదానికి రుజువుగా చూపడమే పేలీ వాదంలోని బలహీనత. రెండోది తెలిసింది గనుక మొదటిది లేనే లేదనడంలోనూ అదే దోషం ఉంది.