పీరు, కెరిస్: పూజ్యవస్తువుల పరిరక్షణలో ఒక నైతిక సమస్య

ఆరాధన పొందే లోహవస్తువును పరిరక్షించడమంటే దాని లోహాన్ని కాపాడడమా, దానితో మనుషులకున్న సంబంధాన్ని కాపాడడమా అన్నది ఇక్కడ విచారణీయాంశం.

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో మొహర్రం హిందూ ముస్లిములు కలిసి జరుపుకొనే పండుగ. ఏడాది పొడవునా పెట్టెలో ఉండే పీర్లను ఆ నెలలో వెలికితీసి, కడిగి, దట్టీలు కట్టి చావడిలో నిలుపుతారు. అప్పటినుండి ఆ లోహపు రేకు 'స్వామి' అని పిలుపందుకొంటుంది, మొక్కులు వింటుంది.

జావాలో ఇదే నెలను 'సురో' అంటారు. ఆషూరా శబ్దమే ఆ పేరుకు మూలం. మలయ ద్వీపసముదాయపు సంప్రదాయ కత్తి అయిన కెరిస్‌ను అక్కడ ఆ నెలలోనే కడుగుతారు. పూజ్యమైన కెరిస్ పేరుకు పెద్దలకు వాడే 'క్యాయి' అనే గౌరవవాచకం చేరుతుంది. నిమ్మరసం, పాషాణం వాడే ఆ క్షాళనం ఇనుప పొరల్లోని చిత్రరేఖలను స్ఫుటం చేస్తుంది. ఏటేటా కొంత ఇనుమును హరిస్తుంది కూడా. భక్తివల్లనే వస్తువు అరుగుతుంది.

ఈ అరుగుదలను నష్టంగా లెక్కించేవారు ఆ వస్తువు కేవలం లోహమని ముందే నిర్ణయించుకొన్నవారవుతారు. అయితే మ్యూజియం పక్షాన కూడా బలమైన వాదముంది: వాడుక ఆగిన చోట, చావడి పాడుబడిన చోట, వస్తువుకు మరో దిక్కు లేదు.

ఈ వాదానికి దీపనెగర రాకుమారుని కెరిస్ పరీక్ష వంటిది. డచ్చివారిపై 1825 నుండి 1830 వరకు పోరాడి బందీ అయిన ఆయన కెరిస్ నెదర్లాండ్స్ రాజుకు చేరింది. తరువాత మ్యూజియం సేకరణలో అది ఏదో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఇనుము నిలిచింది, పేరు పోయింది. పాత లిఖితాల ఆధారంతో 'క్యాయి నొగొ సిలుమన్'గా గుర్తించిన తరువాతే 2020 మార్చిలో దాన్ని ఇండోనేషియాకు తిరిగి ఇచ్చారు.

కనుక ఒక పీరు మ్యూజియానికి చేరవలసివస్తే, దాని కొలతలు, లోహం నమోదు చేయడంతో బాధ్యత తీరదు. ఏ చావడిది, ఏ పేరుతో పిలిచేవారు, ఎవరు ఎత్తేవారు, ఎప్పుడు కడిగేవారు అన్నవి కూడా నమోదు కావాలి. ఎప్పుడైనా ఆ ఊరివారు తమ స్వామిని వెదుక్కొంటూ వస్తే, ఫలానా పీరు ఇదేనని చూపగలిగిన స్థితిలో సంస్థ ఉండాలి. లేకపోతే అది కాపాడినది ఇత్తడిని మాత్రమే.