బంగారం బండి, పత్తి అంగి

గణపురంలో ఒక అక్కా తమ్ముడు ఉండేవారు. ఏదైనా కొత్త వస్తువు చేసి అమ్మాలని ఇద్దరికీ ఆశ. సంఘంలో అమ్మ తీసుకున్న అప్పు ముప్పై వేలు చెరి సగం పంచుకున్నారు.

తమ్ముడి చూపు మేడారం మీద పడింది. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు కోటి మందికి పైగా వస్తారని అంచనా. మహారాష్ట్ర నుంచి సిరోంచ వైపు వాళ్లు గోదావరి దాటి కాళేశ్వరం మీదుగా పోతుంటారు. అమ్మలకు ఇచ్చే బెల్లాన్ని బంగారం అంటారు. నిలువెత్తు బంగారం మొక్కుకుంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం ఇవ్వాల్సిందే. బెల్లం ముద్దలు నెత్తిన పెట్టుకుని జనంలో నెట్టుకుపోతున్న వాళ్లను తమ్ముడు చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు.

"కోటి మందిల నూటికొక్కడు కొన్నా లక్ష బండ్లు పోతయి," అని లెక్క కట్టాడు. చిన్న చక్రాలు, మడత పడే పిడి, పసుపు రంగు. ముచ్చటైన బండి. వాడకట్టులో చూపించాడు. "మస్తున్నది తమ్మీ," అన్నారు అందరూ. అనడానికి పైసా ఖర్చు లేదు మరి. చేతిలో డబ్బులున్నంత వరకు బండ్లు చేయించాడు.

జాతరలో ఒక ముసలమ్మను ఆపాడు. "పెద్దమ్మా, గింత బరువెందుకు మోస్తవు? దీంట్ల పెట్టుకో."

ఆమె బండిని కింది నుంచి మీది దాకా చూసింది. "మంచిగనే ఉన్నది గని బిడ్డా, బండిల గుంజుకపోతే మొక్కెట్ల తీరుతది? నెత్తిన మోసుడే గద మొక్కు!"

ఆ నాలుగు రోజులూ దాదాపు అదే మాట విన్నాడు. మార్చి చేసి మళ్లీ అడుగుదామంటే ఇంకో జాతరకు రెండేళ్లు ఆగాలి.

అక్క మాత్రం ఊరు దాటలేదు. ఆమె పత్తి ఏరడానికి కూలికి పోయేది. ఎండిన కాయల మొనలు చేతులకు గీరుకుంటాయని ఆడవాళ్లు చీర మీద మొగుడి పాత ఫుల్ చేతుల అంగి తొడుక్కుంటారు, నడుముకు పాత చీర ముక్కతో ఒడి కట్టుకుంటారు. ఎవరూ నేర్పలేదు, ఎవరి తిప్పలు వాళ్లు పడి కనిపెట్టుకున్నదే. అక్కకు అదే పట్టింది. అంగినీ ఒడినీ కలిపి ఒకటే కుట్టింది. ఒడి నిండినప్పుడు కింది నాడె లాగితే పత్తి సంచిలోకి జారిపడుతుంది.

మొదటిది పక్క సాలులో ఏరే ఆమెకు ఇచ్చింది, సాయంత్రం వాపసు ఇవ్వాలని చెప్పి. పగటి అన్నానికి కూర్చున్నప్పుడే ఫిర్యాదు వచ్చింది: "మెడ గుంజుతున్నదే!" బరువంతా మెడ మీద పడుతోంది. ఆ రాత్రే విప్పి, పట్టీని భుజాల మీదుగా నడుముకు దించింది. మర్నాడు ఇంకొకామెకు ఇచ్చింది.

"వదినె, పొద్దు గూకింది, నా అంగి నాకియ్యి."

"రేపటి దాక ఉండనీయరాదు? పైసలు గావాల్నంటే చెప్పు."

అక్క అప్పుడు అడిగింది. యాభై రూపాయలు ముందు ఇస్తేనే కుడతానంది. ఐదుగురిలో ఇద్దరు కొంగు ముడి విప్పారు, ముగ్గురు "చూద్దాం తియ్యి" అన్నారు. రెండే కుట్టింది. ఏరేవాళ్లకు కిలో లెక్కన కూలి. ఆ ఇద్దరి మూటలు తూకంలో ఎక్కువ తూగడం చూశాక మిగతా ముగ్గురూ వాళ్లంతట వాళ్లే వచ్చారు.

నీతి: జనాన్ని లెక్కపెట్టే ముందు, తమ ఇబ్బందిని వదిలించుకోవడానికి వాళ్లు ఇప్పటికే ఏం చేస్తున్నారో చూడు.

తమ్ముడు బద్ధకస్తుడు కాదు, బండీ చెడ్డది కాదు. బరువు కూడా నిజమే. కాకపోతే దాన్ని దించుకోవాలని మోసేవాళ్లకే లేదు. చేలో పాత అంగీలు, చీర ముక్కలు అందుకు ఎదురు సాక్ష్యం. ఇంకో తేడా నాకు దీనికంటే పెద్దదనిపిస్తుంది. చేను సాయంత్రానికి జవాబు చెప్పింది, జాతర రెండేళ్లకోసారి చెబుతుంది. పదిహేను వేలే చేతిలో ఉన్నవాడికి ఆలోచన గొప్పదా కాదా అన్నదానికంటే, అది తప్పని ఎంత తొందరగా, ఎంత చవకగా తెలుస్తుందన్నదే ముఖ్యం.

అలాగని ఈ నీతిని మరీ సాగదీయకూడదు. భూపాలపల్లి నుంచి హైదరాబాద్ పోయే దారిలో జనగామ దాటాక ఆలేరు వస్తుంది. ఆ మండలంలోని శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఆసు పోసేది, అంటే నేతకు ముందు నూలును చేత్తో కొయ్యల చుట్టూ చుట్టేది. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు ఆడించాలి, నాలుగైదు గంటల పని, భుజాలు పోయేవి. మల్లేశం 1992లో మొదలుపెట్టిన ఆసు యంత్రం 1999కి గాని కొలిక్కి రాలేదు. సాయంత్రానికి జవాబు రాలేదు, పిచ్చి అన్నవాళ్లూ ఉన్నారు. తమ్ముడి లెక్కతో చూస్తే అది అసలు పనికిరాని ఆలోచన: ఆసు పోసే ఇళ్లు ఎన్నని? కానీ ఆ కొద్ది ఇళ్లలో ప్రతి చీరకూ ఆ నొప్పి ఉంది. ఇబ్బంది నిజమా కాదా అని మల్లేశం ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది, తెలియనిదల్లా యంత్రం కుదురుతుందా లేదా అన్నదే. చీరకు గంటన్నర చాలునన్న ఆ లక్ష్మీ ఆసు యంత్రానికే 2017లో పద్మశ్రీ వచ్చింది. ఏడేళ్లు ఆగదగిన ప్రశ్న వేరు, ఒక్క పూటలో తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరు. తమ్ముడిది రెండోది. అన్ని బండ్లు కాదు, ఒక్క బండి పట్టుకుని ముందటి జాతరలో నిలబడితే తేలిపోయేది.

మేడారంలో బేరమే లేదనుకుంటే అదీ పొరపాటే. 2022 జాతరకు ఆర్టీసీ కార్గో వాళ్లు రాలేని భక్తుల బంగారాన్ని పార్శిల్‌గా తీసుకుని అమ్మల గద్దెలకు చేర్చే ఏర్పాటు చేశారు. మొక్కు ఉండీ కాళ్లు సాగని ముసలివాళ్లు, సెలవు దొరకని కొడుకులు. తమ్ముడు లెక్కవేసిన కోటిలో వాళ్లు లేరు.