జనతా మళ్లీ నడిచింది

మానుకోటలో మా మేనమామ బీరువా అడుగున ఓ హెచ్ఎంటీ జనతా గడియారం దొరికింది. కీ తిరుగుతోంది, ముల్లు కదలదు. "పడెయ్ రా అల్లుడా, ఇగ అది నడువది" అన్నాడు మామ. నాకు మనసొప్పలేదు. నేనే బాగుచేద్దామనుకున్నా.

జపాన్ సిటిజన్ సంస్థ తోడ్పాటుతో 1961లో బెంగళూరులో మొదలైంది హెచ్ఎంటీ గడియారాల కర్మాగారం. 2016లో మూతపడింది. జనగామలో రైలుకు, భూపాలపల్లి గనిలో షిఫ్టుకు ఎందరినో వేళకు చేర్చినవి ఈ కీ గడియారాలే.

చాలాసార్లు ఇవి ఆగేది ఏదో విరిగి కాదు, లోపలి నూనె ఎండి జిగురై. విప్పేముందు కీ ఇస్తే బిగుసుకునే స్ప్రింగులో, అంటే కమాన్‌లో మిగిలిన బిగువును మెల్లగా వదిలించాలి. మరిచిపోతే చక్రాలు ఒక్కసారిగా గిర్రున తిరిగి పళ్లు విరుగుతాయి. ప్రతి భాగం విప్పగానే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పాత జిగురు తుడిచాక కొత్త నూనె సూదిమొన మీద నిలిచేంత చాలు, ఎక్కువైతే పాకి మళ్లీ దుమ్ము పడుతుంది. వెంట్రుకలాంటి సన్నటి స్ప్రింగును మాత్రం కొత్తల్లో ముట్టుకోకండి, నా మాట వినండి!

నాకైతే ఓ మర ఎగిరిపోయింది. రెండు గంటలు వెతికితే గడప దగ్గర ముగ్గుపిండిలో కనబడింది. అప్పట్నుంచీ అంచులున్న పళ్లెంలో తెల్లగుడ్డ పరిచే కూర్చుంటున్నా.

పని మొదలుపెట్టిన మూడో ఆదివారం అన్నీ బిగించి, నాలుగు చుట్లు కీ ఇచ్చాను. చిన్న చక్రం అటూ ఇటూ ఊగింది. సెకనుకు ఐదు టిక్కులు. మామ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, చాలాసేపు తీయలేదు.